గండి పూడ్చాలా, వద్దా?

మా కృష్ణా డెల్టా ఆడవాళ్ళకి గండి అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కాలవ కట్ట ఒక్కచోట తెగితే చాలు, పైన ఎంత నీరున్నా కింది చేలకి అందదు. మిగతా కట్టంతా గట్టిగా ఉన్నా ప్రయోజనం ఉండదు. పింఛను సంగతి కూడా ఇలాంటిదే. ఏళ్ళ తరబడి నెలనెలా సొమ్ము పడుతూ ఉంటుంది. మధ్యలో పెళ్ళి, పురుడు, పిల్లల చదువు, పెద్దవాళ్ళ మంచం, ఏదో ఒకటి వచ్చి కొన్నేళ్ళు తెగిపోతుంది. చివరికొచ్చేసరికి "మీకు సర్వీసు సరిపోలేదు" అంటారు.

ఇప్పుడు ఈ ప్రశ్న మా చెల్లెలి రూపంలో వచ్చింది. చెల్లి బాపట్లలో ఉంటుంది. ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్ళు టీచరుగా చేసి, అత్తగారికి పక్షవాతం రావడంతో మానేసింది. ఆ పెద్దావిడ రెండేళ్ళ క్రితం కాలం చేశారు. చెల్లికి ఇప్పుడు 52. ఉద్యోగుల పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. దానికి ఉన్నది ఎనిమిది. ఆ రెండేళ్ళ గండి పూడ్చుకోవడానికి మళ్ళీ ఉద్యోగంలో చేరాలా, లేక ఉన్న సొమ్ము ఒక్కసారిగా తీసేసుకుని కొడుకు బీటెక్ ఆఖరి ఏడాది ఫీజు కట్టేయాలా? మా మరిది తీసేద్దామంటాడు. చెల్లి ఎటూ తేల్చుకోలేక నన్ను అడిగింది.

లెక్కల్లో నాకు పెద్ద ప్రవేశం లేదు. బి.ఏ. తెలుగు చదివినదాన్ని. కాకపోతే పాత సంగతులు అడిగి తెలుసుకోవడం ఇష్టం. మా రెండు వైపుల ఇళ్ళలో ఇలాంటి కాగితం ఎవరెవరికి వచ్చింది, ఏం చేశారు, చివరికి దాని మీద బతికిందెవరు అని ఆరా తీశాను. అడిగిన ప్రతి ఇంట్లోనూ ఒకే సంగతి కనపడింది. అది చెబుదామనే ఈ వ్యాసం.

ముందు రేపల్లె. తెనాలి నుంచి రేపల్లెకి రైలు 1916లో వచ్చింది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వేసిన లైను అది. 1951లో సదరన్ రైల్వేలోకి, 1966లో దక్షిణ మధ్య రైల్వేలోకి వెళ్ళింది. మా అత్తగారి మామగారు ఆ లైను మీద పాయింట్స్‌మన్‌గా చేశారు. ఆయన చేరిన రోజుల్లో రైల్వేలో మామూలు ఉద్యోగికి పింఛను లేదు. జీతంలోంచి కొంత, రైల్వే తరఫున కొంత ప్రావిడెంట్ ఫండులో పడేది. రిటైరైన రోజున ఆ మొత్తం చేతికిచ్చి దండం పెట్టేవారు.

1957లో రైల్వేలో పింఛను పెట్టారు. కొత్తగా చేరేవాళ్ళకి ఇక పింఛనే. ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు పాత ఫండులో ఉంటారో, పింఛనుకి మారతారో రాసివ్వాలి. మారితే ఫండులో రైల్వే వేసిన వాటా ప్రభుత్వానికి తిరిగి పోతుంది, సొంత వాటా మాత్రం మిగులుతుంది. అంటే చేతికొచ్చే మొత్తంలో పెద్ద భాగం వదులుకుని, నెలనెలా వచ్చేదాన్ని కొనుక్కోవడమన్న మాట.

తాతయ్యగారు మారలేదు. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి, సొంత ఇల్లు లేదు. 1962లో రిటైరై వచ్చిన డబ్బుతో రెండో కూతురి పెళ్ళి చేశారు, పెంకుటిల్లు కట్టారు. ఇప్పుడు మనం కూర్చుని "అయ్యో, పింఛను వదులుకున్నాడే" అనడం తేలిక. కానీ 1957 నాటి పింఛను మగవాడి ఊపిరితో ముడిపడి ఉండేది. ఆయన పోయాక భార్యకి ఏదైనా వచ్చినా, కొద్ది ఏళ్ళకే పరిమితం. ఆ లెక్కన చూస్తే పెంకుటిల్లే నమ్మకమైన ఆస్తి. ఆయన లెక్క ఆనాటికి సబబే.

తర్వాత రూల్సు మారాయి. 1964 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ఫ్యామిలీ పింఛను తెచ్చింది. ఉద్యోగి పోయాక భార్యకి, ఆమె బతికినంతకాలం. అయితే ఊరికే కాదు, గ్రాట్యుటీలోంచి రెండు నెలల జీతం వదులుకోవాలి. 1977 సెప్టెంబరు 22 నుంచి ఆ రెండు నెలల షరతు తీసేశారు. అప్పటికీ 1964కి ముందే రిటైరైనవాళ్ళ భార్యలు బయటే ఉండిపోయారు. వాళ్ళ తరఫున పూనామళ్ అనే ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1985లో ఆ కేసు తేలి, పింఛను ఉన్న పాత ఉద్యోగుల భార్యలకి కూడా 1977 సెప్టెంబరు 22 నుంచి ఫ్యామిలీ పింఛను దక్కింది. ఇరవయ్యేళ్ళ పైబడిన గండి అలా పూడింది. పూడ్చింది ఎవరి డబ్బూ కాదు, ఒక ఆడమనిషి వేసిన పిటిషను.

కానీ ఆ తీర్పు పింఛనుకి మారినవాళ్ళ భార్యలకే. పాత ఫండులో ఉండిపోయినవాళ్ళ సంగతి వేరు. తాతయ్యగారు 1974లో పోయారు. నాయనమ్మగారు 1996 దాకా ఉన్నారు. అంటే ఆవిడ ఒంటరిగా బతికింది 22 ఏళ్ళు. ఫండులో ఉండిపోయి రిటైరైన ఉద్యోగుల భార్యలకి 1986 జనవరి 1 నుంచి నెలకి 150 రూపాయలు, దానిమీద కరువు భత్యం, ఎక్స్‌గ్రేషియాగా ఇవ్వాలని 1988లో ఉత్తర్వు వచ్చింది. అదే 1986లో నాలుగో వేతన సంఘం సిఫార్సుతో ఫ్యామిలీ పింఛను కనీసం 375 అయింది. ఒకే స్టేషనులో పక్కపక్క క్వార్టర్లలో కాపురం చేసిన ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరికి 375, మరొకరికి 150. తేడా అంతా వాళ్ళ మగవాళ్ళు 1957 తర్వాత ఒక కాగితం మీద పెట్టిన సంతకంలో ఉంది. ఆ సంతకం పెట్టేటప్పుడు ఆ ఆడవాళ్ళని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడగాలని కాగితంలో లేదు కూడా.

1990లో ఫండు ఉద్యోగులు కూడా సుప్రీంకోర్టుకి వెళ్ళారు, తమని పింఛనులోకి మార్చమని. కృష్ణ కుమార్ కేసు అది. కోర్టు ఒప్పుకోలేదు. ఫండు వేరు, పింఛను వేరు, అవకాశం ఇచ్చినప్పుడు మారాల్సింది అంది. ఒక గండి కోర్టు పూడ్చింది, ఇంకోదాన్ని అదే కోర్టు అలాగే వదిలేసింది.

ఇక తెనాలి. మా పెదనాన్న ఇక్కడ ఒక కంపెనీలో గుమాస్తా. 1968లో చేరారు. ప్రైవేటు ఉద్యోగులకి 1971 మార్చి 1న ఫ్యామిలీ పెన్షన్ పథకం వచ్చింది. ఉద్యోగి పి.ఎఫ్ వాటాలోంచి జీతంలో 1.16 శాతం, యజమాని వాటాలోంచి 1.16 శాతం తీసి, కేంద్రం ఇంకో 1.16 శాతం కలిపి ఒక నిధి చేశారు. ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే భార్యకి నెలనెలా ఇవ్వడానికి. కొత్తగా చేరేవాళ్ళకి తప్పనిసరి. అప్పటికే ఉన్నవాళ్ళకి ఇష్టం. పెదనాన్న "నా పి.ఎఫ్ తగ్గుతుంది, నేను పోతేనే గదా వచ్చేది" అని చేరలేదు.

1995 నవంబరు 16న ఉద్యోగుల పింఛను పథకం వచ్చింది. ఇప్పుడు మనం ఇ.పి.ఎస్ అనుకునేది ఇదే. పోయినవాళ్ళ కుటుంబానికే కాదు, బతికి ఉన్న ఉద్యోగికీ 58 ఏళ్ళ నుంచి పింఛను. 1971లో చేరనివాళ్ళకి మరో అవకాశం ఇచ్చారు. 1971 మార్చి 1 నుంచి కట్టవలసిన వాటా అంతా వడ్డీతో సహా చెల్లిస్తే, ఆ పాత ఏళ్ళన్నీ సర్వీసులో కలుస్తాయి. గండి పూడ్చడం అంటే ఇదే, అచ్చమైన ఉదాహరణ.

ఈసారి పెదనాన్న కాగితం ఇంటికి తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టారు. పెద్దమ్మ ఐదో తరగతి చదివింది. ఆవిడ అడిగింది ఒక్కటే. "మీరు పోయాక నాకెంతొస్తుంది?" సగం వస్తుందన్నారు. "అయితే కట్టేయండి. పి.ఎఫ్ మొత్తం వస్తే అది మన పిల్లలది అయిపోతుంది. నెలకి వచ్చేది నాదిగా ఉంటుంది" అంది. చేతి నుంచి పెట్టింది లేదు, పి.ఎఫ్ ఖాతాలోంచే సర్దారు. రిటైరైనప్పుడు వచ్చే మొత్తం అంతమేర తగ్గింది. పెదనాన్న 2006లో పోయారు. పెద్దమ్మకి ఇప్పుడు 84. మొదట్లో మూడంకెల పింఛను, 2014 సెప్టెంబరులో కనీస పింఛను 1000 చేయడంతో ఆ వెయ్యి వస్తోంది. ఈ రోజుల్లో వెయ్యి ఎంత? బి.పి మాత్రలకి, చక్కెర మాత్రలకి సరిపోతుంది. కానీ ఇరవై ఏళ్ళుగా మాత్రల డబ్బు కోసం ఆవిడ ఏ కొడుకు మొహం వంకా చూడలేదు.

ఇంతవరకు చదివి, "ఎప్పుడు అవకాశం వచ్చినా కట్టేయడమే మంచిది" అనుకోవద్దు. మూడో కథ దానికి ఎదురు.

2009లో మన ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా ఆడవాళ్ళ కోసం అభయహస్తం పథకం చట్టంగా వచ్చింది. సభ్యురాలు రోజుకో రూపాయి, అంటే ఏడాదికి 365 కడితే, ప్రభుత్వం కూడా అంతే వేస్తుంది. 60 నిండాక నెలకి కనీసం 500 పింఛను. ఆనాటికి మామూలు వృద్ధాప్య పింఛను 200 మాత్రమే, అదీ 65 నిండాలి. కాబట్టి 500 అంటే మంచి మాటే. బాపట్ల దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని కూడా కట్టింది. మధ్యలో బాబాయికి ఆపరేషనై రెండేళ్ళు కట్టలేకపోయింది. గ్రూపులో "పాతది కలిపి కట్టేయవే" అన్నారు. పిన్ని ఆగింది.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2014లో రాష్ట్రం రెండైంది. అదే ఏడాది మన దగ్గర ఏమీ కట్టనక్కర్లేని వృద్ధాప్య పింఛను 1000 అయింది. 2019లో వయసు 60కి తగ్గించారు, మొత్తం 2250 చేశారు. 2024 జులై నుంచి 4000. రోజుకో రూపాయి కట్టి తెచ్చుకునే 500 దీని ముందు తేలిపోయింది. తెలంగాణలోనైతే కట్టినవాళ్ళ డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించారు. పిన్ని ఇప్పుడు 4000 తీసుకుంటోంది. గండి పూడ్చనందువల్ల ఆవిడ నష్టపోయింది ఏమీ లేదు.

అయితే ఆ 4000 మీద కూడా పూర్తి ధీమా పెట్టుకోలేం. కారు, పొలం, కరెంటు వాడకం, ఇంట్లో మరొకరి పింఛను, ఇలాంటి షరతులు దానికి ఉన్నాయి. చెల్లి వాళ్ళ లాంటి మధ్యతరగతి ఇంటికి అది రాదు. సర్కారు దయగా ఇచ్చే పింఛను వేరు, మన సర్వీసు లెక్కతో వచ్చే పింఛను వేరు. మొదటిది ఒక్క ఉత్తర్వుతో పెరగనూ వచ్చు, ఆగనూ వచ్చు. రెండోది పెరగడం కష్టం, కానీ ఊరికే ఆగదు.

నాలుగోది మొన్నటి సంగతి. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, పి.ఎఫ్ ఉన్న పెద్ద సంస్థల ఉద్యోగులకి పూర్తి జీతం మీద పింఛను కోరే అవకాశం వచ్చింది. గడువు పెంచుతూ పెంచుతూ 2023 జులై 11 దాకా తెచ్చారు. పూర్తి జీతంలో 8.33 శాతం లెక్కన పాత ఏళ్ళ తేడా అంతా వడ్డీతో పింఛను నిధికి మళ్ళాలి. రిటైరై పి.ఎఫ్ తీసేసుకున్నవాళ్ళు లక్షల్లో వెనక్కి కట్టాలి. ఆ వేసవిలో మా వీధిలో నాలుగిళ్ళలో ఇదే చర్చ. దరఖాస్తు పేరు "జాయింట్ ఆప్షన్". నేను మొదట భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలేమో అనుకున్నాను. కాదట. ఉద్యోగి, యజమాని కలిసి పెట్టేది. 1957 నుంచి 2023 దాకా ఎన్ని కాగితాలు మారినా, ఆ పింఛను మీద ఆఖరి పదేళ్ళో ఇరవయ్యేళ్ళో బతకబోయే మనిషికి మాత్రం సంతకం చోటు లేదు.

నాకు అర్థమైన సంగతి ఇదే. మగవాళ్ళ లెక్క ఎప్పుడూ ఒకచోట ఆగిపోతుంది. "నేను ఎంత కడతాను, నేను బతికుండగా ఎంత వస్తుంది, ఎన్నేళ్ళకి గిట్టుబాటు?" ఆ తర్వాత ఇంకో గడి ఉంది. ఆయన తర్వాత ఆవిడ బతికే ఏళ్ళు. మా నాయనమ్మగారికి అది 22 ఏళ్ళు. పెద్దమ్మకి ఇప్పటికే ఇరవై. ఆ గడి నింపకుండా తేల్చిన లెక్క తప్పని అనను, సగం లెక్క అంటాను. పెద్దమ్మ చదివింది ఐదే అయినా మొదట ఆ గడే నింపింది.

చెల్లి లెక్క ఇలాగే వేశాం. జీతం 10,000 అనుకున్నాం. ఇప్పుడు పింఛను భాగం తీసేసుకుంటే ఎనిమిదేళ్ళ సర్వీసుకి పట్టిక ప్రకారం జీతానికి 8.22 రెట్లు, అంటే 82,200 వస్తుంది. తీసేస్తే ఆ ఎనిమిదేళ్ళు తుడిచిపెట్టుకుపోతాయి, మళ్ళీ కట్టి తెచ్చుకునే వీలు లేదు. తీయకుండా రెండేళ్ళు పనిచేసి పది చేస్తే, జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. 58 నుంచి నెలకి 1428. ఏడాదికి 17,136.

మరిది న్యాయంగానే అడిగాడు. "ఆ డబ్బు బ్యాంకులో వేసినా పెరుగుతుందిగా వదినా?" అని. వేసి చూశాం. 7 శాతం వడ్డీ అనుకుంటే 82,200 ఆరేళ్ళలో లక్షా 23 వేలు అవుతుంది. అందులోంచి ఏడాదికి 17,136 చొప్పున తీసుకుంటూ పోతే పదేళ్ళకి అడుగంటుతుంది. అంటే చెల్లి 68 లోపు పోతే బ్యాంకు నయం, దాటి బతికితే పింఛను నయం. మా అమ్మ వైపు ఆడవాళ్ళు 80 దాటకుండా పోయింది తక్కువ. పైగా ఆ డబ్బు బ్యాంకుకి వెళ్ళేది కాదు, కాలేజీకి వెళ్ళేది.

రెండో పక్క కూడా చెప్పాలి. ఈ పింఛనుకి కరువు భత్యం లేదు. 58లో వచ్చిన 1428 ఎనభైలోనూ 1428గానే ఉంటుంది, ప్రభుత్వం ఏమైనా పెంచితే తప్ప. అప్పటికి దాంతో ఏం వస్తుందో చెప్పలేం. అది మొత్తం ఖర్చు మోస్తుందనుకుని దిగితే నిరాశే. మందులకి ఆసరా అనుకుంటే చాలు. చెల్లి ముందుగా పోతే మరిదికి నెలకి కనీసం 1000 వస్తుంది. ఆ గడి కూడా ఆయన చేతే నింపించాం.

చివరికి చెల్లి మళ్ళీ చేరడానికే నిశ్చయించుకుంది. ఫీజుకి గాజులు తాకట్టు పెట్టి 60 వేలు తెచ్చారు. ఆ వడ్డీ కూడా ఈ లెక్కలో ఖర్చే. జీతం వస్తే మొదటి ఏడాదిలోనే విడిపిస్తానంటోంది. చేరేముందు మూడు జాగ్రత్తలు పడింది. ప్రైవేటు విద్యాసంస్థలు 1982 నుంచి పి.ఎఫ్ చట్టం కిందకి వచ్చినా, ఇరవైమంది సిబ్బంది లేని బడికి అది తప్పనిసరి కాదు. అందుకని జీతం ఓ వెయ్యి తక్కువైనా పి.ఎఫ్ కట్టే బడినే ఎంచుకుంది. పాత యు.ఏ.ఎన్ నంబరే ఇచ్చింది, కొత్తది తెరవనివ్వలేదు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్ళు చాలని ఎవరో చెప్పినా, అంచు మీద నడవకుండా రెండేళ్ళు పూర్తిగా చేస్తానంది.

మీలో ఉద్యోగం మానేసినవాళ్ళుంటే ఒక్క మాట. మానేసిన వెంటనే అందరూ ఇచ్చే సలహా "పి.ఎఫ్‌తో పాటు పింఛను డబ్బు కూడా తీసేయ్" అని. తీయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకునే వీలుంది. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ చేరితే పాత ఏళ్ళు దాంతో కలుస్తాయి. ఉద్యోగమే చేయనివాళ్ళలో 40 దాటనివాళ్ళకి, ఆదాయపు పన్ను కట్టనివాళ్ళకి, 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన ఉంది. 60 తర్వాత నెలకి 5000 కావాలంటే 18 ఏళ్ళకి చేరితే నెలకి 210, 30కి చేరితే 577, 40కి చేరితే 1454 కట్టాలి. ఆలస్యం ఖరీదు ఈ మూడు అంకెల్లో ఉంది. మధ్యలో నెలలు తప్పితే వందకి నెలకి రూపాయి చొప్పున అపరాధం పడుతుంది. ఇలాంటి చిన్న గండి వెంటనే పూడ్చేస్తేనే చవక.

ఇక మీ ఇంటికి ఏదైనా ఆప్షన్ కాగితం వస్తే, అది ఎవరి పేరున వచ్చినా సరే, సంతకానికి ముందు పెద్దమ్మ అడిగినట్టు అడగండి. ఆయన పోయాక నాకెంత, ఎన్నాళ్ళు? జవాబు రూపాయల్లో చెప్పించుకోండి. కట్టాలో వద్దో తేల్చడం ఆ తర్వాతి పని.